నది ఫొటో గారికి, పాటతో సహా

నది ఫొటో గారికి,

ఉభయకుశలోపరి. నువ్వు క్షేమమేనని తెలుసు, మూడు వారాలుగా నా ఫోన్‌లో రోజూ చూస్తూనే ఉన్నాను కదా. (గారు అని మొదలుపెట్టి అప్పుడే నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మర్యాద మొదటి లైను వరకే కుదిరింది.)

అసలు నువ్వు ఒక్కదానివే వచ్చి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. అరనిమిషం వీడియోగా వచ్చావు, వెనకాల ఒక పాటని వెంటేసుకుని. వేణువుతో మొదలై, గొంతు సగం ఏడుపులోకి దిగి, మాటలు సరిగ్గా అర్థమయ్యేలోపే అయిపోయే రకం పాట. ఎడమపక్కన చిన్న పడవ, అందులో ఒంటరిగా ఒక మనిషి, పాలు పోసినట్టు తెల్లటి నీళ్లు, సగం కరిగిపోయిన అవతలి ఒడ్డు. రాత్రి పదకొండు దాటింది, పొద్దున్నే లేవాలి, అయినా తొమ్మిదిసార్లు చూశాను. ఆ తర్వాత లేచి కూర్చుని, ఎవరూ అడక్కుండానే, మా కుటుంబం గ్రూపులో నిన్ను పెట్టి కింద ఇలా రాశాను: "తాతయ్య చెయ్యి పట్టుకుని ఇలాంటి నదే దాటాను. పడవ ఊగుతుంటే నాకు భయం వేయకుండా ఆయన ఏదో పాట తీసేవారు. అది ఇంకా వినిపిస్తోంది."

తెల్లారేసరికి దాని కింద ఎర్ర గుండెలు, ఏడుపు బొమ్మలు వరసకట్టాయి. అమ్మ మాత్రం ఫోన్ చేసింది.

"ఏ పడవరా?"

"చిన్నప్పుడు తాతయ్యతో వెళ్లాం కదమ్మా."

"ఆయనకి నీళ్లంటేనే భయం. బస్సు వంతెన మీదకి ఎక్కితే కళ్లు మూసుకుని, అటు దిగాక తెరిచేవారు. ఇక పాటంటావా, ఆయన పాడగా నేనైతే పుట్టి బుద్ధెరిగాక వినలేదు."

చూశావా నువ్వు చేసిన పని? అబద్ధం చెప్పానని కూడా నాకు తెలీదు. తాతయ్య అరచేయి గరుకుదనం దగ్గర్నుంచి అన్నీ గుర్తొచ్చాయి మరి, ఆ రాత్రి.

అందుకని పాట ఆపేసి, నిన్ను రెండు వేళ్లతో సాగదీసి, తీరిగ్గా విచారణ చేశాను. నీళ్లు అంత పాలలా రావాలంటే కెమెరా రెప్ప కొన్ని సెకన్లపాటు తెరిచే ఉండాలి, అలలన్నీ ఒకదానిమీద ఒకటి పడి నురగలా కలిసిపోవాలి. అంతసేపట్లో కదిలినదేదైనా చెరిగిపోతుంది. మరి పడవ అంచు గీత గీసినట్టు ఎలా ఉంది? ఎలా అంటే, అది ఎక్కడికీ పోవట్లేదు. బురదలో కూర్చుని ఉంది. పైగా ముందు భాగం నుంచి ఒడ్డుకి ఒక తాడు కూడా కనిపించింది. ఆ మనిషీ చెరగలేదు, అంటే ఎవరో "కాసేపు కదలకండి" అని చెప్పి కూర్చోబెట్టారు. నేను తొమ్మిదిసార్లు ఎవరి కోసం గుండె బరువెక్కించుకున్నానో ఆ విరహి బహుశా తుమ్ము ఆపుకుంటున్నాడు.

ఈ విద్య మీ వంశంలో కొత్తది కూడా కాదు. 1838లో డగేర్ అనే ఆయన పారిస్‌లో ఒక వీధిని ఫొటో తీస్తే, రెప్ప నిమిషాల తరబడి తెరిచి ఉండబట్టి నడిచే జనం, బళ్లు అంతా మాయమైపోయారు, బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ ఒకాయన మాత్రం మిగిలాడు. వీధిలో నుంచి జనం పోయినా వీధి ఉంటుంది. నదిలో నుంచి కదలిక తీసేశాక ఇంకేం ఉంటుందని నువ్వు నది పేరు పెట్టుకుని తిరుగుతున్నావు?

సరే, మర్నాడు ఇంకో పని చేశాను. నీకు పాటలు మార్చి చూశాను. డప్పులు దడదడలాడే పాట పెడితే అదే మనిషి, అదే వంగిన వీపు, పెళ్లికి ఆలస్యమై తొందరపడుతున్నాడు. చిన్నపిల్లల పాట పెడితే చేప కోసం మాటు వేశాడు. సన్నగా ఒకటే స్వరం సాగదీసే సంగీతం పెట్టాను, ఏదో హత్య చేసి వస్తున్నట్టు కనిపించాడు, నిజంగా కాస్త టెన్షన్ వచ్చింది. ఏ పాటా లేకుండా చూస్తే పడవకి రంగు వేయించాలి అనిపించింది, అంతే.

వందేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని తీసుకుని, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపించాడట. ముఖం అదే ముక్క. జనం మాత్రం ఆకలిని ఎంత బాగా చూపించాడో, దుఃఖాన్ని ఎంత లోతుగా పలికించాడో అని మెచ్చుకున్నారని చెప్తారు. ఆ నటుడు నువ్వే. ఏమీ చేయకుండా చప్పట్లు కొట్టించుకునే రకం.

పక్కన నక్కిన పాటా, నీకూ వినిపిస్తోందిలే. నీ పద్ధతి ఇంకా ఘోరం. ముందు ఏడుపు చేతిలో పెట్టేస్తావు, కారణం మమ్మల్ని వెతుక్కోమంటావు. మేమేమో ఉత్తినే ఏడవడం బాగోదని జేబులన్నీ తడుముకుని ఒక తాతయ్యనో, విడిపోయిన స్నేహితుడినో బయటికి లాగుతాం. దొరక్కపోతే తయారు చేస్తాం. ఇక పక్కన నది ఉందంటే పని మరీ సులువు. ఇటో ఒడ్డు, అటో ఒడ్డు, ఎవరో వెళ్లిపోవాలి, ఎవరో నిలబడి చూడాలి. చెరువు ఫొటో చూసి ఎవరైనా ఇలా వెక్కిళ్లు పెట్టగా విన్నావా? పాపం చెరువు.

నీ వాళ్ల చరిత్రా తెలుసు నాకు. 1851లో స్టీఫెన్ ఫాస్టర్ అమెరికాలో ఒక నది గురించి పాట రాశాడు, దూరమైన ఇంటి మీద బెంగ, ఆ నది ఒడ్డున వదిలేసి వచ్చిన మనుషులు, అదంతా. ఆ నదిని ఆయన చూడనేలేదు. ముందు వేరే నది పేరు పెట్టి, నచ్చక, అట్లాస్ తిరగేసి సువానీ అనే పేరు పట్టుకుని, అదీ బాణీలో పట్టకపోతే ఒక అక్షరం కోసి స్వానీ చేశాడు. ఫ్లోరిడా వాళ్లు 1935లో దాన్నే రాష్ట్ర గీతం చేసుకున్నారు. నేనేమో ఎక్కని పడవ గురించి మూడు వాక్యాలు రాసినందుకు అమ్మ దగ్గర దొరికిపోయాను.

ఫొటో గారూ, మీవాళ్లలో జర్మన్ ఫొటోగ్రాఫర్ గుర్‌స్కీ తీసిన రైన్ నది ఒకటుంది, 1999 నాటిది. పచ్చగడ్డి, నీళ్లు, మళ్లీ పచ్చగడ్డి, పైన బూడిదరంగు ఆకాశం, అడ్డంగా నాలుగు చారలు. అవతలి ఒడ్డు మీది కట్టడాలనీ, కుక్కతో నడిచే మనిషినీ ఆయన కంప్యూటర్‌లో చెరిపేశాడు. 2011లో అది 43 లక్షల డాలర్ల పైచిలుకుకి అమ్ముడుపోయింది. కథకి పనికొచ్చే ప్రతిదాన్నీ తీసేస్తే అంత ధర పలికింది, అది చూసైనా నేర్చుకో, ఆ పడవ మనిషిని ఇంటికి పంపించెయ్.

ఒక్క మనిషి దగ్గర మాత్రం నా వెటకారం నోరు మూసుకుంటుంది. చెక్ స్వరకర్త స్మెతనా 1874లో వ్ల్తావా నదిని సంగీతంలో రాశాడు. మొదట వేణువులు, వాటి వెంట క్లారినెట్ అనే ఊదే వాద్యాలు, రెండు ఊటలు పుట్టినట్టు సన్నగా పరిగెత్తుతాయి, తర్వాత మిగతా వాద్యాలు వచ్చి కలుస్తుంటే నీళ్లు వెడల్పవుతాయి. ఆయనకి అదే ఏడాది శరత్కాలానికి రెండు చెవులూ పూర్తిగా పోయాయి, నది రాసింది ఆ తర్వాతే. అది వింటున్నంతసేపూ నాకు ఏ తాతయ్యా గుర్తురాడు. నది ఒక్కటి చాలు అన్నట్టు వింటాను.

అయితే ఇదంతా కోర్టుకి ఎక్కించేంత ఆవేశంతో మొదలుపెట్టిన నేను, ఇప్పుడు కాస్త ఇరుకున పడ్డాను. మొన్న మా పిన్ని గ్రూపులో రాసింది: "ఆ పడవలో నేనూ ఉన్నాను. గాలికి గొడుగు వెనక్కి తిరిగిపోయింది, నాన్న ఎంత నవ్వారో." ఏ గొడుగు పిన్నీ అని అడుగుదామనుకునేలోపే మామయ్య వచ్చి, గొడుగు కాదు, నా టోపీ ఎగిరిపోయింది అన్నాడు. తాడుతో కట్టేసిన పడవలో, ముగ్గురం ఎక్కేశాం.

నిన్న రాత్రి అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. అవీ ఇవీ మాట్లాడి, కాసేపు ఊరుకుని, "ఆ రోజు పడవలో నాన్న ఏ చొక్కా వేసుకున్నారో నీకేమైనా గుర్తుందా?" అంది.

"తెల్లదమ్మా," అన్నాను.

"ఆ, తెల్లదే," అంది.

ఇట్లు,
నిన్ను ఇంకా డిలీట్ చేయని వ్యక్తి