సగటు చెప్పని జాప్యం: డీఎన్‌ఎస్‌ను చివరి ఆయకట్టు నుంచి కొలవాలి

దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఏదైనా ఆన్‌లైన్ సెంటర్ ముందు పావుగంట నిలబడితే ‘సర్వర్ డౌన్’ అన్న మాట ఒక్కసారైనా చెవిన పడుతుంది. హాల్‌టికెట్ డౌన్‌లోడ్ కాకపోయినా, పహాణీ తెరుచుకోకపోయినా, ఫీజు కట్టే పేజీ గిర్రున తిరుగుతూ ఉండిపోయినా చెప్పే కారణం అదొక్కటే. నిజానికి ఆ సమయంలో అసలు సర్వర్ నిక్షేపంగా పనిచేస్తూ ఉండవచ్చు; దాని చిరునామా చెప్పవలసిన డీఎన్‌ఎస్ మూగబోయి ఉండవచ్చు. వెబ్‌సైట్ పేరు ఇస్తే ఐపీ అడ్రస్ వెతికిపెట్టే ఈ ఏర్పాటును పాల్ మొకాపెట్రిస్ 1983లో రూపొందించారు. ఇంటర్నెట్‌లో మనం చేసే దాదాపు ప్రతి పనికీ ఇదే తొలిమెట్టు. అయినా మన కళాశాలల్లో, కార్యాలయాల్లో నెట్‌వర్క్ చూసేవారు లైన్ స్పీడును కొలిచినంత శ్రద్ధగా దీన్ని కొలవరు. కొలిచే కొద్దిమంది కూడా సగటు దగ్గరే ఆగిపోతున్నారన్నది నా ఫిర్యాదు.

ఒక లెక్క చూద్దాం. మన తరఫున పేర్లు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ సర్వర్‌కు, అంటే రిజాల్వర్‌కు, వెయ్యి ప్రశ్నలు వెళ్లాయనుకుందాం. 980 ప్రశ్నలకు 20 మిల్లీసెకన్లలో జవాబు వచ్చింది; మిగిలిన 20 ప్రశ్నలు 5 సెకన్ల పాటు ఎదురుచూసి వృథా అయ్యాయి. లినక్స్ యంత్రం మామూలుగా ఒక డీఎన్‌ఎస్ సర్వర్ కోసం ఆగే గడువు ఆ 5 సెకన్లే. అన్నీ కలిపి సగటు కడితే దాదాపు 120 మిల్లీసెకన్లు వస్తుంది కానీ, అంతసేపు ఆగినవారు ఆ వెయ్యిలో ఒక్కరూ లేరు. జవాబు రాని ప్రశ్నలకు సమయం నమోదు కాలేదు కదా అని వాటిని లెక్కలోంచి తీసేస్తే ఇంకా ప్రమాదం: గ్రాఫ్‌లో 20 మిల్లీసెకన్ల దగ్గర చదునైన గీత కనిపించి అందరికీ నిశ్చింత కలుగుతుంది. ఒక పేజీ పూర్తిగా తెరుచుకోవడానికి 30 పేర్లు వెతకవలసి వస్తే, నూటికి రెండు చొప్పున విఫలమయ్యే ఆ రిజాల్వర్ వల్ల వంద పేజీల్లో దాదాపు 45 ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటాయి.

సాగర్‌లో నీటిమట్టం 590 అడుగులకు చేరిందన్నంత మాత్రాన ఎడమ కాల్వ చివరి ఆయకట్టు తడిసిందని నల్లగొండ రైతు ఎవరూ నమ్మడు. సగటుకు బదులు నూటికి తొంభై తొమ్మిది ప్రశ్నలు ఎంతసేపట్లో తేలుతున్నాయో చూడాలనీ, మిగిలిన ఆ ఒక్క శాతం జాప్యాన్ని విడిగా పరిశీలించాలనీ ఇంజినీర్లు అంటున్నది కూడా ఇదే. వాళ్లు దానికి పెట్టుకున్న పేరు టెయిల్ లేటెన్సీ. టెయిల్ ఎండ్ అన్న మాట మన కాల్వల మీద ఎప్పటి నుంచో ఉన్నదే.

వైఫల్యాలను ఒకే గంపలో వేయడం మరో పొరపాటు. ఎన్‌ఎక్స్‌డొమైన్ అంటే ‘ఆ పేరు లేదు’ అన్న స్పష్టమైన జవాబు. పేరు తప్పుగా టైపు చేసినా అదే వస్తుంది కాబట్టి దాన్ని సర్వర్ తప్పుగా లెక్కించకూడదు. రెఫ్యూజ్డ్ అంటే నీకు చెప్పను అని సర్వర్ తిరస్కరించడం. సర్వ్‌ఫెయిల్ అంటే వెతకడానికి ప్రయత్నించి తేల్చలేకపోవడం. పై సర్వర్లు అందకపోయినా, జవాబు అసలైనదేనని రుజువు చేసే డీఎన్‌ఎస్‌సెక్ సంతకం గడువు తీరినా ఇదే కోడ్ వస్తుంది కనుక, సంతకం తనిఖీని పక్కన పెట్టి మరోసారి అడిగి చూస్తే రెండింటిలో ఏదో తెలిసిపోతుంది. టైమౌట్ వీటన్నిటికీ భిన్నం, అక్కడ జవాబే లేదు. నాలుగింటికీ నాలుగు గీతలు వేయకుండా ‘ఫెయిల్యూర్ రేటు’ అని ఒక్క అంకె చూపించే డాష్‌బోర్డు నా దృష్టిలో అలంకారమే.

వేగం ఒక్కటే చూస్తే చాలదనడానికి ఇటీవలి ఉదాహరణ ఉంది. 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్‌కు చెందిన ఉత్తర వర్జీనియా ప్రాంతంలో డైనమోడీబీ అనే డేటాబేస్ సేవ డీఎన్‌ఎస్ రికార్డు ఖాళీ అయిపోయింది. రికార్డును తాజాపరచే రెండు స్వయంచాలక ప్రక్రియలు ఒకదానికొకటి అడ్డుపడటమే మూలం. ఇలాంటి స్థితిలో డీఎన్‌ఎస్ సర్వర్ ఎంత చురుకుగా బదులిచ్చినా ఆ బదులులో అడ్రస్ ఉండదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు కనుమరుగైనప్పుడు జరిగింది వేరు: ఆ సంస్థ డీఎన్‌ఎస్ సర్వర్లకు వెళ్లే దారుల సమాచారమే ఇంటర్నెట్ నుంచి తొలగిపోయింది. అందుకే పర్యవేక్షణలో సమయం, కోడ్, జవాబులోని అడ్రస్ మూడింటినీ సరిచూడాలి.

ఎక్కడ నిలబడి కొలుస్తున్నామన్నది వీటన్నిటికన్నా ముఖ్యం. హైదరాబాద్ డేటా సెంటర్‌లో పెట్టిన ప్రోబ్ (కొలిచే యంత్రం) నల్లగొండ సంగతి చెప్పదు. దూరం వల్ల అని సరిపెట్టుకోవడానికీ లేదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి వంద కిలోమీటర్లకు రానుపోను ఒక్క మిల్లీసెకను చాలు. మహబూబ్‌నగర్‌లో అదే ప్రశ్నకు అదనంగా 150 మిల్లీసెకన్లు పడుతుంటే తప్పు స్థానిక లైన్‌లోనో, ఎక్కడెక్కడో తిరిగివచ్చే రూటింగ్‌లోనో, బరువెక్కిన రిజాల్వర్‌లోనో ఉన్నట్టు. గద్వాల, కొల్లాపూర్, మిర్యాలగూడ కళాశాలల్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒక్కొక్కటి పెడితే ఖర్చు కొన్ని వేలు దాటదు. అయితే ఒకే పేరును నిమిషానికోసారి అడుగుతూ పోతే అది క్యాష్‌ను, అంటే రిజాల్వర్ ముందే దాచుకున్న జవాబుల నిల్వనే కొలుస్తుంది; మన సొంత డొమైన్ కింద ప్రతిసారీ ఒక కొత్త పేరు కల్పించి అడిగితేనే రిజాల్వర్ పైదాకా వెళ్లి వెతకడానికి ఎంత సమయం తీసుకుంటుందో బయటపడుతుంది. రెండూ చేయాలి. అందిందో లేదో సరిచూసుకోకుండా పంపే యూడీపీ పద్ధతిలో ఒక ప్యాకెట్ పోవడం మామూలే కనుక, ఒక్క వైఫల్యానికే అర్ధరాత్రి ఫోన్ మోగించకుండా ఐదు నిమిషాల్లో వైఫల్యాల నిష్పత్తిని చూసి హెచ్చరిక పంపడం మేలు.

లైన్ ఇచ్చే సంస్థతో ఒప్పందం రాసేటప్పుడు ఎంబీపీఎస్ పక్కనే ఈ అంకెలు కూడా చేర్చాలి: క్యాంపస్ లోపలి నుంచి కొలిచినప్పుడు నూటికి 99 ప్రశ్నలు ఎంత గడువులో తేలాలి, సర్వ్‌ఫెయిల్, టైమౌట్‌లు ఎంత దాటితే జరిమానా అన్నవి. వీటి కోసం ఎవరు ఏ సైటు అడిగారో దాచనక్కర లేదు. ఒక విద్యార్థి అర్ధరాత్రి ఏ ఆసుపత్రి పేరు వెతికాడో డీఎన్‌ఎస్ లాగ్‌లో ఉండిపోతుంది కాబట్టి, సమయాలూ కోడ్‌ల లెక్కలూ ఉంచుకొని, అడిగినవారి ఐపీ అడ్రస్‌లను, వాళ్లు అడిగిన పేర్లను ఏరోజుకారోజు చెరిపివేయాలన్న షరతును కూడా అదే ఒప్పందంలో రాయాలి.