పాత సీరియళ్ళ బ్లూరే దండగన్న మాటకు నా జవాబు

నెల రోజుల్లో ఒకే మెసేజ్ నాకు మూడు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. పంపినవాళ్ళు వేరువేరు, మాటలు మాత్రం అక్షరం మారలేదు. అందులో ఉన్నది ఇదీ: "పాత టీవీ సీరియళ్ళను బ్లూరేలో కొనేవాళ్ళు డబ్బు తగలేసుకుంటున్నారు. ఆ రోజుల్లో హెచ్‌డీయే లేదు, లేని క్లారిటీ ఎక్కడి నుంచి వస్తుంది? ఉన్న బొమ్మనే సాగదీసి అమ్ముతున్నారు. పైగా అన్నీ ఓటీటీలో 4కెలో ఉన్నాయి, ఎక్కడికీ పోవు. సోనీయే బ్లూరే ఆపేసింది, ఇంకా ఎందుకు?" బ్లూరే అంటే డీవీడీలాంటిదే, అంతకంటే స్పష్టమైన బొమ్మ పట్టే డిస్కు. ఆ మెసేజ్‌లో ఒక ముక్క నిజం, దాన్ని ఒప్పుకుంటాను. మిగతాది తప్పు. ఆ తప్పును నమ్మి మా బాబాయి తన దగ్గరున్న సెట్లన్నీ పాత పేపర్లవాడికి తూకానికి వేసేశాడు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటిది, అప్పుడు హెచ్‌డీ లేదు కాబట్టి క్లారిటీ రాదనడం. టీవీలో చూపించింది వేరు, కెమెరాలో తీసింది వేరు. అమెరికాలో చాలా డ్రామా సీరియళ్ళను సినిమాలాగే 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసేవాళ్ళు. ఆ ఫిల్మ్‌లో పడిన వివరంలో చాలా కొద్ది భాగమే అప్పటి ట్యూబు టీవీలో కనిపించేది.

అంతరిక్ష నౌకలో సాగే అమెరికా సీరియల్ 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' సంగతే తీసుకోండి. 1987 నుంచి 1994 దాకా ఏడు సీజన్లు నడిచింది. తీసింది ఫిల్మ్ మీదే, కానీ ఎడిటింగూ గ్రాఫిక్స్ కలపడమూ అంతా వీడియో టేపు మీద చేశారు, అంటే పూర్తయిన ఎపిసోడ్ అన్నది ఫిల్మ్ రూపంలో ఎక్కడా లేదు. బ్లూరే వేయాలనుకున్నప్పుడు అసలు నెగెటివ్‌లు బయటికి తీసి, స్కాన్ చేసి, పాత ఎపిసోడ్‌ను ఎదురుగా పెట్టుకుని ఏ షాట్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసుకుంటూ, మొత్తం సీరియల్‌ను మొదటి నుంచి మళ్ళీ ఎడిట్ చేశారు. అంతరిక్ష నౌక నమూనాలను అప్పట్లో విడివిడిగా తీసిన ఫిల్మ్ ముక్కలనూ మళ్ళీ ఒకదానిమీద ఒకటి కలిపారు. మొదటి సీజన్ 2012 జులైలో వచ్చింది, ఏడోది 2014 డిసెంబరులో. ఫిల్మ్ దొరకని చోట మాత్రం టేపులోని బొమ్మనే పెంచి పెట్టారు. అవి కొన్ని సెకన్లే, కానీ ఆ చోటు రాగానే బొమ్మ మసకబారి కంటికి తెలిసిపోతుంది. సాగదీయడం అంటే అది. మిగతా గంటలన్నీ అలా లేవు.

నా దగ్గర ఒకే ఎపిసోడ్ డీవీడీలోనూ ఉంది, బ్లూరేలోనూ ఉంది. నౌకను నడిపే గదిలో కెప్టెన్ కుర్చీ వెనకాల వంపు తిరిగిన కమ్మీ ఒకటి ఉంటుంది, నౌక సిబ్బందిలో ఒకడైన వార్ఫ్ దాని వెనకే నిలబడతాడు. డీవీడీలో అది ఒట్టి గోధుమరంగు పట్టీ. బ్లూరేలో చూస్తే చారలతో సహా చెక్క! అన్నేళ్ళు చూసినా అది చెక్కని నాకు తెలియలేదు. ఎవరూ కొత్తగా గీసింది కాదది, 1987లో వడ్రంగి చేసి పెట్టిందే.

ఇక నిజమున్న ముక్క. నేరుగా వీడియో టేపు మీద తీసిన వాటికి ఆ మెసేజ్ చెప్పింది వర్తిస్తుంది, వాటిలో ఉన్న వివరం అంతే, ఎవరూ పెంచలేరు. మన సీరియళ్ళు చాలావరకు ఈ కోవలోవే. అందుకే కొనేముందు దేనిమీద తీశారో చూడాలి. బీబీసీ వాళ్ళ 'డాక్టర్ హూ' సీరియల్ మంచి ఉదాహరణ. పాత కథలు ఎక్కువ భాగం స్టూడియోలో వీడియో మీద తీసినవే, కానీ 1969లో స్టూడియో సిబ్బంది సమ్మె వల్ల 'స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్' అనే కథను మొత్తం 16 ఎంఎం ఫిల్మ్ మీద బయట తీయాల్సి వచ్చింది. 2013లో అది అసలైన హెచ్‌డీలో బ్లూరేగా వచ్చింది. అదే సీజన్‌లోని పక్క కథలకు ఆ అదృష్టం లేదు.

రెండోది, ఓటీటీలో 4కె ఉంది కదా అనడం. 4కె అన్నది బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయన్న లెక్క మాత్రమే. ఆ చుక్కలను నింపడానికి సెకనుకు ఎంత డేటా వస్తోందన్నది ఎవరూ అడగరు. నెట్‌ఫ్లిక్స్ తన సూచనల్లో ఫుల్ హెచ్‌డీకి సెకనుకు 5 మెగాబిట్లు, 4కెకి 15 ఉండాలంటుంది. మామూలు బ్లూరేలో ఒక్క వీడియోకే 40 దాకా వెళ్ళొచ్చు, 4కె డిస్కులో మొత్తం 100 కూడా దాటొచ్చు. సౌండ్ కూడా డిస్కులో ఏమీ కోసేయకుండా వస్తుంది, ఓటీటీలో కుదించి పంపుతారు.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే చీకట్లో. 2019 ఏప్రిల్‌లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రాత్రి యుద్ధం ఎపిసోడ్ వచ్చినప్పుడు ప్రపంచమంతా ఏమీ కనిపించలేదని గోల పెట్టింది గుర్తుందా? నేనూ పొద్దున్నే కర్టెన్లు వేసుకుని మరీ చూశాను. గుర్రాల మీద మండే కత్తులతో దూసుకెళ్ళినవాళ్ళ మంటలు దూరంగా ఒక్కొక్కటే ఆరిపోతాయి, ఆ సీన్ ప్రాణం అంతా ఆ నలుపులోనే ఉంది, నాకేమో ఆ నలుపు బూడిదరంగు చదరాలుగా విరిగి కదులుతూ కనిపించింది. డిస్కు వచ్చాక అదే టీవీలో అదే సీన్ వేశాను. అప్పుడూ చీకటే, కానీ చదరాల్లేవు, పొగ పొగలా ఉంది, ఆఖరి మంట ఆరినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఎపిసోడ్‌ను చీకటిగానే తీశారు, అది వాళ్ళ నిర్ణయం. చదరాలు మాత్రం ఇంటికొచ్చే దారిలో పుట్టినవి.

మూడోది, ఎక్కడికీ పోవనడం. దీన్ని నమ్మేవాళ్ళు 'విల్లో' సీరియల్ గురించి తెలుసుకోవాలి. డిస్నీ ప్లస్‌లో 2022 నవంబరు ఆఖరున మొదలైంది, 2023 మే నెలలో తీసేశారు. ఆరు నెలలు! డిస్కు వేయలేదు కాబట్టి కొనుక్కుందామన్నా దారి లేదు. 'వెస్ట్‌వరల్డ్'ను హెచ్‌బీఓ మ్యాక్స్ 2022 డిసెంబరులో తీసేసింది, కానీ నాలుగు సీజన్లూ డిస్కుల మీద ఉన్నాయి, కొన్నవాళ్ళు హాయిగా చూసుకుంటున్నారు.

తీసేయకపోయినా కోసేయొచ్చు. 'ద సింప్సన్స్' అనే కార్టూన్ సీరియల్ పాత ఎపిసోడ్లను 2019లో డిస్నీ ప్లస్ వెడల్పు టీవీలకు సరిపోయేలా పైనా కిందా కత్తిరించి పెట్టింది. అందులో ఒక సీన్లో డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు వేరువేరు బీరు ట్యాంకులు, వాటికి పైనుంచి వచ్చే గొట్టం మాత్రం ఒక్కటే, అదీ జోకు. ఆ గొట్టమే కత్తిరింపులో పోయింది. జనం అడగ్గా అడగ్గా 2020 మేలో పాత ఆకారంలో చూసే వీలు ఇచ్చారు. డీవీడీలున్న ఇళ్ళలో ఆ గొట్టం ఎప్పుడూ ఉంది. డిస్కులు వేసేవాళ్ళూ ఇలాంటివి చేస్తారు, కాదనను. 'ద వైర్' సీరియల్ బ్లూరేలో కూడా బొమ్మను వెడల్పు చేశారు. కాకపోతే డిస్కులో ఏముందో అది రాత్రికి రాత్రి మారిపోదు.

సోనీ మాట ఒక్క ముక్కలో తేల్చేస్తాను. 2025 ఫిబ్రవరిలో సోనీ ఆపింది మనం రికార్డు చేసుకునే ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని. సినిమాలు, సీరియళ్ళతో వచ్చే డిస్కులకు దానితో సంబంధం లేదు.

మన దగ్గర ఇబ్బంది వేరే ఉంది. షాపుల్లో ఈ సెట్లు కనిపించవు, అమెరికా నుంచి వచ్చే చుట్టాల చేత తెప్పించుకుందామంటే, బ్లూరే కోసం ప్రపంచాన్ని రీజియన్లుగా, అంటే ప్రాంతాలుగా విడగొట్టారు, ఇండియా రీజియన్ సి, అమెరికా రీజియన్ ఎ, ఆ లాక్ ఉన్న డిస్కు మన ప్లేయర్లో ఆడదు. లాక్ లేనివీ చాలా ఉన్నాయి, 4కె డిస్కులకైతే ఈ గొడవే లేదు. అట్ట వెనక చూసి చెప్పమనండి చాలు.

'స్టార్ ట్రెక్' వరుసలోనే వచ్చిన 'డీప్ స్పేస్ నైన్' కూడా 'నెక్స్ట్ జనరేషన్' లాగే ఫిల్మ్ మీద తీసి టేపు మీద ముగించిన సీరియలే, 1993 నుంచి 1999 దాకా. 2019లో దాని మీద వచ్చిన డాక్యుమెంటరీ కోసం కొన్ని సీన్ల నెగెటివ్‌లు స్కాన్ చేసి చూపించారు, నిన్న తీసినట్టున్నాయి. మొత్తం సీరియల్‌కు మాత్రం ఆ పని చేయలేదు, ఇప్పటికీ డీవీడీ బొమ్మే దిక్కు.