దూబగుంట పాఠం ఏ శాఖది?

'సారా' అని రాయడానికి రెండక్షరాలు చాలు. రెండూ దీర్ఘాలే. కొత్తగా పలక పట్టిన మనిషి కూడా త్వరగా నేర్చుకోగల మాట. నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన అక్షరాస్యత ఉద్యమం గురించి ఎప్పుడు చదివినా నా మనసు ఆ రెండక్షరాల దగ్గరే ఆగిపోతుంది. పగలంతా కూలికి పోయి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ల చేతికి ఇచ్చిన వాచకాల్లో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. అందులో ఊరి ఆడవాళ్లు ఒక్కటై సారా కొట్టు మూయిస్తారు. అది చదివినవాళ్లకు కథలా అనిపించలేదు. తమ ఇంట్లో నిన్న రాత్రి జరిగిందే పుస్తకంలో కనిపించింది.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు నిజంగానే సారా ఆపించారు. ఆ అనుభవమే 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న మరో పాఠమై మిగతా ఊళ్లకు వెళ్లింది. పాఠం ఉద్యమమైంది, ఉద్యమం మళ్లీ పాఠమైంది. 'ఈనాడు' పత్రిక ఈ ఉద్యమ వార్తలకు ఏకంగా ఒక పేజీ కేటాయించింది. ఒక ఊరి వార్త చదివి పక్క ఊరు లేచింది. 1992లో సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. అది రెండేళ్లకే సడలిపోయింది, ఆ చరిత్ర వేరు.

ఇప్పుడు నా ప్రశ్న. ఒక పాఠం జనాన్ని ఎలా కదిలించిందో చెప్పాల్సింది విశ్వవిద్యాలయంలో ఏ శాఖ? వాచకంలోని తెలుగు ఎలాంటిదో తెలుగు శాఖ చెప్పగలదు. పెద్దవాళ్లు ఎలా నేర్చుకుంటారో విద్యా శాఖకు తెలుసు. పత్రిక పాత్ర జర్నలిజం వాళ్లది. 1983 నుంచి 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారా ప్యాకెట్లను ఊరూరికీ చేర్చడం, ఖజానా ఆ రాబడికి అలవాటు పడడం అర్థశాస్త్రం. కూలి డబ్బు ఇంటికి రాకుండానే కొట్టు దగ్గర అయిపోవడం, దెబ్బలు తినే ఆడమనిషి నోరు విప్పడం సమాజశాస్త్రం. ఇన్నింట్లో ఏ ఒక్కటి తీసేసినా దూబగుంట అర్థం కాదు. ఆ రోజుల్లోనే నెల్లూరు పల్లెలకు వెళ్లి, ఆ ఆడవాళ్లతో మాట్లాడి లోతుగా రాసినవాళ్లలో 1985లో హైదరాబాద్‌లో ఏర్పడిన 'అన్వేషి' మహిళా అధ్యయన కేంద్రం ముందుంది. అది విశ్వవిద్యాలయ శాఖ కాదు. ఇది నాకు చిన్న విషయంగా అనిపించదు.

శాఖల గోడలు దాటి జనం దగ్గరకే వెళ్లే ఈ దారి మనకు కొత్తదేమీ కాదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి పల్లెల్లో రైతుల దగ్గర సేకరించిన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం, అంటే ఒక్కో వృత్తి మాటలు ఏ ప్రాంతంలో ఎలా ఉంటాయో చెప్పే నిఘంటువు, మొదటి సంపుటం 1962లో వచ్చింది. నాగలిని ఎక్కడ మడక అంటారు, కర్రునూ మేడినీ ఎక్కడ ఏమంటారు అని ఊరూరా అడిగించారు. తెలుగుకు నాలుగు మాండలిక ప్రాంతాలున్నాయని ఆ పదాల ఆధారంగానే తేల్చారు. తర్వాత చేనేత సంపుటం వచ్చింది. పదం కోసం వెళ్లినవాడికి పనిముట్టు తెలియాలి, పనిముట్టు తెలియాలంటే పని తెలియాలి, పని తెలియాలంటే ఆ పని చేసే మనిషి దగ్గర కూర్చోవాలి. అందుకే ఆ పదకోశాలు భాషాశాస్త్రానికి ఎంత పనికొస్తాయో వృత్తుల చరిత్రకూ అంతే పనికొస్తాయి.

ఇవాళ్టి బడికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టాలన్న జీవో 81 వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం తెచ్చింది. రెండు చోట్లా ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు పిల్లల చేతికొచ్చాయి. అలాంటి సైన్సు పుస్తకం ఒకటి పక్కింటి అమ్మాయి నా దగ్గరకు తెచ్చింది. ఒకవైపు 'ఫొటోసింథసిస్', ఎదురుగా 'కిరణజన్య సంయోగక్రియ'. రెండూ వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. రెండూ అర్థం కాలేదు. "ఆకు ఎండలో తన తిండి తానే వండుకుంటుందమ్మా" అన్నాను. "మరి పొయ్యి ఏది?" అని వెంటనే అడిగింది. ఆ ప్రశ్నతో పాఠం మొదలైంది. ఆమె మాట్లాడే తెలుగు ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

ఈ విషయంపై మన దగ్గర వాదనలకు కరువు లేదు. టీవీ చర్చల్లో ఒకరు మాతృభాష అంటారు, ఇంకొకరు మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. ఇంగ్లిష్ కావాలనే దళిత, బహుజన తల్లిదండ్రుల కోరికలో తరాల అవమానం ఉంది, దాన్ని భాషాభిమానంతో కొట్టిపారేయలేం. కానీ పిల్ల నిజంగా ఏ మాటల్లో ఆలోచిస్తోంది, టీచరు ఏ భాషలో వివరిస్తున్నాడు, పరీక్షలో ఏ భాషలో రాస్తోంది, ఇంటికెళ్లి ఫోన్‌లో ఏ తెలుగు వింటోంది, ఈ నాలుగూ కలిపి ఒకే పిల్ల దగ్గర చూడాలి. భాషాశాస్త్రవేత్త ఒక్కడే వెళ్తే పదాలు చూస్తాడు, విద్యా పరిశోధకుడు మార్కులు చూస్తాడు, మీడియా విద్యార్థి ఫోన్ చూస్తాడు. వీళ్లెవరికీ ఆ ఇంటి అప్పు, ఆ ఇంటి కులం కనిపించకపోవచ్చు.

రెండు శాఖలవాళ్లు కలిసి సెమినార్ పెడితే అది అంతర్విషయ పరిశోధన, అంటే పలు శాఖలు కలిసి ఒకే విషయాన్ని శోధించడం, అయిపోదు. ఒక మండలం తీసుకోవాలి. నాలుగు శాఖల నుంచి నలుగురు పరిశోధకులు, వాళ్లతో పాటు అక్కడి బడి టీచరు ఒకరు రెండు విద్యా సంవత్సరాలు అదే తరగతి గదిలో, అవే ఇళ్లలో తిరగాలి. కలిసి రాసిన సిద్ధాంత గ్రంథానికి నలుగురికీ పీహెచ్‌డీ ఇచ్చేలా నిబంధన మారాలి. లేకపోతే ఉద్యోగం టెన్షన్‌లో ఉన్న ఏ పరిశోధక విద్యార్థీ ఆ సాహసం చేయడు, చేయమని అడగడమూ న్యాయం కాదు. ఆ గ్రంథం తెలుగులో రావాలి, ఆ తరగతి గదిలోని పిల్లల తల్లులు చదివి "మా అమ్మాయి అలా అనలేదు" అని దిద్దగలిగేంత తేట తెలుగులో.