బ్రాకెట్లో రిటైర్డ్

మా చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ వెలిసింది. ఆకుపచ్చ మచ్చల యూనిఫాం, నల్ల కళ్లద్దాలు, మెలేసిన మీసం. తల వెనకాల యుద్ధవిమానం, మోచేతి పక్కన ట్యాంకు, అడుగున నీళ్లలో ఓ నౌక. త్రివిధ దళాలూ ఒక్క అభ్యర్థిలోనే సర్దేశారు. ‘సరిహద్దు కాచిన సింహం, ఇక పార్లమెంటులో గర్జన’ అని రాసుంది. పేరుకు ముందు మనిషంత అక్షరాల్లో మేజర్. పేరు చివర, కుడివైపు మూల, సరిగ్గా మేకు దిగిన చోట, చీమ తలకాయంత బ్రాకెట్లో రిటైర్డ్.

ఆ బ్రాకెట్ చూశాక నాకు రెండు రోజులుగా నిద్ర లేదు.

సైనికుల ఫొటోలు ప్రచారానికి వాడకండి బాబూ అని ఎన్నికల సంఘం 2013 డిసెంబరులోనే పార్టీలకు చెప్పింది. బాలాకోట్ వైమానిక దాడి తర్వాత పైలట్ అభినందన్ మీసం ప్రతి గోడకూ మొలిచేసరికి 2019 మార్చిలో మళ్లీ గుర్తు చేసింది. పార్టీలు ఆ లేఖను కళ్లకద్దుకుని బీరువాలో పెట్టాయి. మన మేజర్ గారికి ఆ ఇబ్బంది కూడా లేదు. ఆయన ఫొటో, ఆయన మీసం, ఆయన ఇష్టం. ఎవరడుగుతారు? అడిగినవాడు దేశద్రోహి కాడూ!

మేజర్ గారెవరో చెప్పమని అడక్కండి. ఆయన ఒక్కరు కాదు. ప్రతి పార్టీలో ఒకరుంటారు, ప్రతి ఎన్నికలో ఒకరు పుడతారు. నాకు సైనికులంటే గౌరవమే. అసలీ కోపం ఆ గౌరవం వల్ల వచ్చిందే.

ఆయన పార్టీలో చేరిన రోజు చూడాల్సింది. పాతికేళ్లు ఎవరి ముందూ వంగని మెడ. గుండెల మీద వరసగా పతకాలు. వేదిక మీద అధినేత గారు కండువా పట్టుకుని నిలబడ్డారు. ఆయన కాస్త పొట్టి, మేజర్ గారు ఆరడుగులు. కండువా అందడం లేదు. ఎవరో వెనకనుంచి ‘వంగండి సార్, వంగండి’ అన్నారు. అంతే, ఆ తర్వాత మేజర్ గారు మళ్లీ పూర్తిగా లేచి నిలబడినట్టు నాకు గుర్తులేదు. కండువా అంచు పతకాల్లో చిక్కుకుంటే ఓ కార్యకర్త పతకాలనే పక్కకు లాగి సర్దాడు.

సర్వీసులో ఉన్నంతకాలం రాజకీయం మాట్లాడకూడదని సైనిక నిబంధన. మేజర్ గారు ఎంపీ అయ్యాక దాన్ని ఇంకా నిష్ఠగా పాటిస్తున్నారు.

ఓటింగ్ రోజు సంగతి చెప్పకుండా ఉండలేను. పొద్దున్నే పార్టీ నుంచి విప్ కాగితం వస్తుంది. అందులో వాక్యం కింద ఒక గీత ఉంటే సమాచారం. రెండుంటే హాజరు కావాలి. మూడుంటే వచ్చి చెప్పినట్టు ఓటెయ్యాలి. మేజర్ గారు కళ్లజోడు పెట్టుకుని గీతలు లెక్కపెడతారు. ఒకటి, రెండు, మూడు. భుజం మీది చారలు లెక్కపెట్టే అలవాటున్న మనిషి కదా! సైన్యంలో మూడు చారలంటే హవల్దార్. హవల్దార్‌కు మేజర్ ముందుగా సెల్యూట్ కొట్టడం ఏ రెజిమెంట్‌లోనూ జరగదు. పార్లమెంటులో జరుగుతుంది.

సభలో గంట మోగుతుంది. లాబీ తలుపులు మూసేస్తారు. బల్ల మీద మీటలు: ఆకుపచ్చది అవును, ఎర్రది కాదు, పసుపుది ఎటూ కాదు. పక్క సీట్లో మూడు పార్టీలు మారిన కాంట్రాక్టరు గారు. ఒకప్పుడు మేజర్ గారి యూనిట్‌కు షెడ్లు కట్టింది కూడా ఈయనే అయ్యుంటాడు. సిమెంటు తక్కువైందని అప్పుడు ఈ మేజర్ గారే బిల్లు ఆపేసుంటారు.

‘ఏది నొక్కాలండీ?’ మేజర్ గారు గుసగుసగా అడుగుతారు.

‘ముందు వరసాయన ఏది నొక్కితే అది.’

‘ఇంతకీ బిల్లులో ఏముంది?’

‘మీకు టెన్షన్ ఎందుకు సార్, నొక్కండి.’

దాహినే సజ్! కుడివైపు చూసి వరస సరిచేసుకోవడం. పెరేడ్ గ్రౌండులో వేలమంది కుర్రాళ్లకు నేర్పిన పాఠం చివరికి ఆయనకే పనికొచ్చింది. వేలు మీట మీద పడుతుంది. గురి తప్పదు. బిల్లు పాసవుతుంది. తర్వాత బల్లలు చరచడం. అందులోనూ మేజర్ గారికి సాటి లేరు, లయ తప్పకుండా ఏక్-దో-ఏక్ అని చరుస్తారు.

ఇక్కడో చిన్న న్యాయశాస్త్రం ముచ్చట. 1950 నాటి సైనిక చట్టం 41వ సెక్షన్ ప్రకారం సిపాయి ధిక్కరించకూడనిది ‘చట్టబద్ధమైన’ ఆజ్ఞను. ఆ ఒక్క మాట కావాలనే పెట్టారు. పై అధికారి చెప్పాడు కదా అని ఏది పడితే అది చెయ్యక్కర్లేదని దానర్థం. 1985లో పార్టీ ఫిరాయింపులు ఆపడానికని రాజ్యాంగానికి తగిలించిన పదో షెడ్యూల్ చూడండి. పార్టీ ఇచ్చే ‘ఏ ఆదేశానికైనా’ విరుద్ధంగా ఓటేస్తే, పదిహేను రోజుల్లో పార్టీ క్షమించకపోతే, సభ్యత్వమే పోతుంది. చట్టబద్ధమైన అన్న మాట వెతికాను, కనబడలేదు. అంటే తుపాకీ పట్టినప్పుడు మేజర్ గారికి ఉన్నపాటి స్వేచ్ఛ కూడా మైకు పట్టాక లేదన్నమాట.

అలాగని అందరూ మీట నొక్కి ఊరుకున్నవాళ్లు కాదు. సిక్ రెజిమెంట్‌లో పనిచేసిన కెప్టెన్ అమరీందర్ సింగ్ 1984లో స్వర్ణదేవాలయంలోకి సైన్యాన్ని పంపిన ఆపరేషన్ బ్లూస్టార్‌కు నిరసనగా పార్టీనీ లోక్‌సభ సీటునూ వదిలేసి బయటికొచ్చారు. ఆ తర్వాత ఆయన ఎన్ని మలుపులు తిరిగారో వేరే సంగతి, ఆ రోజు మాత్రం వెన్నెముక కనిపించింది.

ఇంకొకరు మేజర్ జనరల్ ఖండూరీ. వాజ్‌పేయి హయాంలో స్వర్ణ చతుర్భుజి రోడ్లు వేయించిన మంత్రి. 2018లో ఆయన అధికార పార్టీ ఎంపీ, రక్షణ వ్యవహారాలు చూసే పార్లమెంటు స్థాయీ సంఘానికి అధ్యక్షుడు. ఆ మార్చిలో సంఘం నివేదిక వచ్చింది: సైన్యం దగ్గరున్న సామగ్రిలో 68 శాతం కాలం చెల్లినదే, అత్యాధునికమైంది 8 శాతమే. ఇది ఆయన కల్పించిన లెక్క కాదు, సైన్యమే సంఘం ముందుకొచ్చి చెప్పింది. సెప్టెంబరుకల్లా ఆ కుర్చీలో ఇంకొకరున్నారు. రెండింటికీ సంబంధం ఉందని నేనైతే అనను. ‘68 శాతం చెప్పిన సింహం’ అని ఫ్లెక్సీ కట్టినవాడు మాత్రం నాకు దేశంలో ఎక్కడా కనబడలేదు.

ఫ్లెక్సీ మేజర్ గారూ, మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు, సిపాయిలను నాలుగేళ్లకే తీసుకునే పథకం. అప్పుడు పార్లమెంటు సమావేశాలే లేవు, మిమ్మల్ని ఎవరూ అడగలేదు, సరే. కరోనా పేరుతో రెండేళ్లు భర్తీలు ఆపి, పరుగు పందెంలో గెలిచి రాతపరీక్ష కోసం కూర్చున్న పిల్లల్ని మొదటికి రమ్మన్నారు. మూడు రోజులకు సికింద్రాబాద్ స్టేషన్ తగలబడింది. పోలీసు కాల్పుల్లో ఓరుగల్లు వైపు కుర్రాడొకడు చచ్చిపోయాడు. మీరేసుకున్న యూనిఫాం తనకూ కావాలనుకున్నాడండీ వాడు! ఫ్లెక్సీ కోసం కాదు. రైళ్లు తగలబెట్టడం తప్పే, వెయ్యిసార్లు తప్పు. కానీ ఆ పిల్లల తరఫున సభలో ఒక్క ప్రశ్న వెయ్యడానికి మీ నోరు ఏ కండువాతో కట్టేశారు?

లెక్కలు మీకు నాకంటే బాగా తెలుసు. సిపాయికి పెన్షన్ రావాలంటే పదిహేనేళ్లు పనిచెయ్యాలి. ఆఫీసరుకైతే ఇరవై. అగ్నివీర్‌కు నాలుగేళ్లు, ఆ తర్వాత నూటికి పాతిక మందికి మించి ఉంచుకోరు. మిగతావాళ్ల చేతిలో సుమారు 11.71 లక్షలు పెట్టి పంపిస్తారు, అందులో సగం వాళ్ల జీతంలోంచి కోసిందే. పెన్షన్ లేదు. ఎంపీ పెన్షన్‌కు మాత్రం ఎన్నాళ్లు పనిచేశారన్న లెక్క లేదు, కనీసం నెలకు 31 వేలు. అంటే మేజర్ గారు మంచుకొండల్లో ఇరవై శీతాకాలాలు గడిపి సంపాదించిన హక్కు, ఏసీ హాల్లో మీట నొక్కడం వచ్చాక చటుక్కున వచ్చేసిందన్నమాట.

నిన్న సాయంత్రం మళ్లీ చౌరస్తాకు వెళ్లాను. పాత ఫ్లెక్సీ దింపేసి కొత్తది కడుతున్నారు. అదే ఫొటో, అవే కళ్లద్దాలు, అదే మీసం, వెనకాల అదే విమానం. మెడలో కండువా రంగు మాత్రం వేరే. నిచ్చెన మీదున్న కుర్రాడు కింది మూల బిగించడానికి మేకు ఎక్కడ కొట్టాలా అని ఒక్క క్షణం వెతికి, బ్రాకెట్ మీదే కొట్టాడు.