టాలీలో లెడ్జర్లు ఎన్ని ఉండాలి? బాబాయ్‌కీ అమ్మాయికీ వాదన

తెనాలిలో సిమెంట్, ఐరన్ కొట్టు. బాబాయ్ ఇరవై ఏళ్లుగా అక్కడ లెక్కలు రాస్తున్నాడు. అన్న కూతురు ఆడిటర్ ఆఫీసులో పని చేస్తది, మార్చి నెలాఖరు అని సాయం చేద్దామని వచ్చి టాలీ (కంప్యూటర్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) తెరిచింది. అందులో ఒక్కో ఖర్చుకీ, అకౌంటుకీ పెట్టే ఖాతానే లెడ్జర్ అంటారు, వాటి దగ్గరే మొదలైంది.

అమ్మాయి: బాబాయ్, 412 లెడ్జర్లేంటి? టీ ఖర్చులు ఒకటి, టీ టిఫిన్లు ఒకటి, స్టాఫ్ టీ ఇంకోటి. ఏడాదికి టీకి ఎంతయిందో చెప్పమంటే మూడు చోట్ల కూడాలి.

బాబాయ్: ఓనర్ ఒకరోజు స్టాఫ్ టీ ఎంత అంటాడు, ఇంకోరోజు కొట్టుకొచ్చే పార్టీలకి (కస్టమర్లకి) ఎంత పోయించాం అంటాడు. అడిగిన వెంటనే చెప్పాలంటే విడిగా ఉండాల్సిందేనమ్మా.

అమ్మాయి: దానికి కాస్ట్ సెంటర్లు ఉన్నాయి కదా, ఒకే లెడ్జర్‌లో ఖర్చు దేనిదో విడివిడిగా చూపించేవి. డీజిల్ అని ఒక్క లెడ్జర్ పెట్టి లారీ నంబరు, ఆటో నంబరు కాస్ట్ సెంటర్లు చేస్తే బండివారీగా వచ్చేస్తది. నువ్వేమో బండికో డీజిల్, బండికో రిపేరు, బండికో టైర్లు. బండి అమ్మేశాక కూడా దాని లెడ్జర్లు అలాగే ఉన్నాయి, ఎంట్రీలు పడ్డాక డిలీట్ అవ్వవు కూడా.

బాబాయ్: చెప్పడం తేలికే. ఎంట్రీ కొట్టేది నువ్వు కాదు, కౌంటర్లో కుర్రాడు. ముందు ఏ బండి పేరొస్తే దాని మీద ఎంటర్ కొట్టుకుంటూ పోతాడు. లెడ్జర్ పేరులోనే బండి నంబరు ఉంటే కాస్త చూసి కొడతాడు. నేను పడ్డానమ్మా ఈ బాధ.

అమ్మాయి: సరే, బండ్ల సంగతి ఒప్పుకుంటా. మరి ఈ హమాలీ చూడు. లారీ లోడు మన గోడౌన్లో దించినందుకు ఇచ్చిన హమాలీ సరుకు ఖరీదులో భాగం, డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్‌లోకి పోవాలి. కస్టమర్ ఇంటికి పంపేటప్పుడు ఎత్తినందుకు ఇచ్చింది అమ్మకం ఖర్చు, అది ఇన్‌డైరెక్ట్. నువ్వు రెండూ కలిపి ఇన్‌డైరెక్ట్‌లో పడేశావు, గ్రాస్ ప్రాఫిట్ (సరుకు ఖరీదు పోగా మిగిలే లాభం) ఉన్నదానికంటే లావుగా కనపడుతోంది, ఓనర్ అది చూసుకునే కదా బస్తా మీద రేటు తగ్గించి అమ్ముతున్నాడు! టీకి మూడు పెట్టి, విడగొట్టాల్సిన హమాలీకి ఒక్కటే పెడితే ఎలా బాబాయ్?

బాబాయ్: (కాసేపాగి) హమాలీ విషయం నాకు తట్టలేదు.

అమ్మాయి: ఇంకోటి. జీఎస్టీకి సిమెంట్ సేల్స్ 28 శాతం, అవుట్‌పుట్ సీజీఎస్టీ (అమ్మకం పన్నులో కేంద్రం వాటా) 14 అని రేటుకో లెడ్జర్ తెరిచావు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ 18 అయింది, అవన్నీ మూలన పడ్డాయి. రేటు స్టాక్ ఐటమ్‌లో, అంటే సరుకు పేరు దగ్గరే పెడితే ఫలానా తేదీ నుంచి 18 అని ఒక్కచోట మార్చుకుంటే సరిపోయేది. టాక్స్‌కి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా), ఐజీఎస్టీ (వేరే రాష్ట్రంతో లావాదేవీకి), ఇన్‌పుట్‌కి (కొన్నప్పటిది) మూడు, అవుట్‌పుట్‌కి మూడు, చాలు.

బాబాయ్: బాగానే ఉంది, కానీ ఇవాళ కూర్చుని గ్రూపులు మార్చేస్తానంటే మాత్రం నేనొప్పుకోను. ఒక లెడ్జర్ని ఇన్‌డైరెక్ట్ నుంచి డైరెక్ట్‌లోకి మారిస్తే పాత ఎంట్రీలు కూడా దాంతోపాటే అటు మారిపోతాయి. పోయినేడాది లెక్క స్క్రీన్ మీద ఒకలా, ఆడిటర్ సంతకం పెట్టిన కాగితంలో ఇంకోలా ఉంటే బ్యాంకోడికి ఏం చెప్తావు?

అమ్మాయి: అది నిజమే. నేను ఇవాళే మార్చేద్దామనుకున్నా.

బాబాయ్: ఖర్చు లెడ్జర్ల లెక్క ఎలాగూ మార్చి 31తో ముగిసి, కొత్త ఏడాదికి సున్నా నుంచి మొదలవుతుంది. ఏప్రిల్ 1 నుంచి కొత్తవి తెరిచి వాడదాం, పాతవాటి పేరు ముందు "వాడొద్దు" అని పెట్టు.

అమ్మాయి: మరి ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, బ్యాంకు దగ్గర వాడుకునే అప్పు) అకౌంటు? దాన్ని బ్యాంక్ అకౌంట్స్‌లో పెట్టావు, మనం బాకీ ఉన్న డబ్బు ఆస్తుల్లో మైనస్‌గా చూపిస్తోంది. బ్యాంక్ ఓడీ గ్రూపు టాలీ ఇచ్చిన 28 గ్రూపుల్లోనే ఉంది.

బాబాయ్: అదీ ఏప్రిల్ 1నే, కొత్త లెడ్జర్ తెరిచి ఎంట్రీతో బాకీ అందులోకి మారుద్దాం. కానీ లారీ డీజిల్ లెడ్జర్ జోలికి రావద్దు.

అమ్మాయి: రాను. టీ మాత్రం ఒక్కటే.

బాబాయ్: రెండు. స్టాఫ్‌ది వేరే.