నా కంచం తర్వాత, ముందు నా పొట్ట చూడండి

పొద్దున్న షుగర్ చూసే మీటరులో 240 కనబడితే మా ఇంట్లో మొదట వచ్చే మాట ఒక్కటే: "రాత్రి ఏం తిన్నావు?" అత్తగారు అడుగుతారు. పాతపట్నం నుంచి ఫోను చేసి ఆడపడుచు అడుగుతుంది. డాక్టరుగారు చీటీ మీద నుంచి తల ఎత్తకుండానే అడుగుతారు. రెండు పుల్కాలు, బీరకాయ కూర అని చెబితే ఎవరి ముఖంలోనూ నమ్మకం ఉండదు. ఈ ప్రశ్నకు మూడేళ్ళుగా జవాబు చెప్పి చెప్పి విసిగిపోయాను. ఇప్పుడు కోపంతోనే రాస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. మాత్రలకు లొంగకపోతే మూడేళ్ళ కిందట రాత్రిపూట గ్లార్జిన్ అనే ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఒక్కసారి వేసుకుంటే రోజంతా పనిచేస్తుంది, వేళ తప్పకూడదు అన్నారు. తప్పలేదు. పెళ్ళికి వెళ్ళినా తొమ్మిదయ్యేసరికి ఏదో ఒక గదిలోకి వెళ్ళి ఇన్సులిన్ పొడుచుకునే పెన్ను తీసేదాన్ని. అయినా ఒకనాడు 118, మర్నాడు 236. అదే తిండి, అదే మోతాదు. అంకె పెరిగినప్పుడల్లా మందు పెంచారు. 14 యూనిట్లు 20 అయ్యాయి, 20 కాస్తా 26 అయ్యాయి.

మాఘమాసంలో ఒక రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చింది. అంత చలిలోనూ జాకెట్టు వీపుకు అతుక్కుపోయి ఉంది. మా ఆయన్ని పిలుద్దామంటే మాట తడబడుతోంది. వేళ్ళు వణికి రెండు స్ట్రిప్పులు పాడుచేశాను. మూడోదానికి 52 వచ్చింది. ఆయన గ్లాసుడు నీళ్ళలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించి, పావుగంట నా చెయ్యి వదలకుండా కూర్చున్నారు. మళ్ళీ చూస్తే 74. తెల్లవారాక అత్తగారు, "రాత్రి సరిగ్గా తినలేదా?" అన్నారు. అంకె పెరిగితే తిన్నందుకు, తగ్గితే తిననందుకు. రెండు తప్పులూ నావే.

వైశాఖంలో శ్రీకాకుళంలోని మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడ ఒక నర్సమ్మకు నేను షుగర్ అంకెలు రాసుకునే పుస్తకం చూపించాను. ఆవిడ తిండి సంగతి ఎత్తలేదు. "ఎక్కడ పొడుచుకుంటారమ్మా?" అంది. కుచ్చిళ్ళు కాస్త దించి బొడ్డుకు కుడిపక్క చూపించాను. వేళ్ళతో నొక్కుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగి, నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది. చర్మం కింద నిమ్మచెక్కంత గడ్డ, నొక్కితే రబ్బరులా ఉంది. రోజూ తాకే నా ఒళ్ళే, నాకే తెలియలేదు. అక్కడ పొడిస్తే నొప్పి ఉండదు కాబట్టి చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్ళేది.

గ్లార్జిన్ పెన్నులో తేటగా ఉంటుంది, అందులో ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి. చర్మం కిందికి చేరగానే సన్నని రవ్వలుగా పేరుకుని, కొంచెం కొంచెంగా కరుగుతూ రక్తంలో కలుస్తుంది. రోజంతా పనిచేయడం అంటే ఇదే. ఒకేచోట పొడిచి పొడిచి గట్టిపడిన కొవ్వులోకి వెళితే ఏ రోజు ఎంత కరుగుతుందో లెక్క ఉండదు. ఒకరోజు సూది పక్కనున్న మంచి చోట దిగిందంటే మొత్తం 26 యూనిట్లూ పనిచేస్తాయి. మాఘమాసంలో ఆ రాత్రి జరిగింది అదే అయి ఉంటుందని ఆవిడ అంది. చోటు మార్చగానే పాత మోతాదే వేసుకోవద్దని, డాక్టరును అడిగి తగ్గించుకోమని రెండుసార్లు హెచ్చరించింది. ఇప్పుడు 18తో నడుస్తోంది.

అంకెలు ఇప్పటికీ గీత గీసినట్టు రావడం లేదు. జ్వరం వస్తే పెరుగుతాయి. రాత్రి పస్తున్నా, తెల్లవారుజామున ఊరే హార్మోన్లు కాలేయంలోని చక్కెరను బయటికి తెస్తాయి. వాడుతున్న పెన్ను 30 డిగ్రీలు దాటని చోట ఉండాలి, 28 రోజులకు పారేయాలి. మా ఎండల్లో కరెంటు పోతే ఆ 30 డిగ్రీలు ఎక్కడినుంచి తేవాలి? తడి ఇసుకలో మట్టిపిడత పెట్టి, అందులో పెన్నును డబ్బాతో సహా దాస్తున్నాను. వీటిలో ఏ ఒక్కటీ నా నాలుక చేసిన నేరం కాదు.

ఇదంతా నాకు ముందే ఎందుకు తెలియలేదు? మందు డబ్బాలోని కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఆసుపత్రి గోడమీద రాతలు ఒడియాలో ఉంటాయి. ఒడియా నేను మాట్లాడగలను, చదవలేను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే మాటలోనే చదువు ఉండాలని పోరాడిన మనిషి ఆయన. ఆ ఊళ్ళో "సూది చోటు రోజూ మార్చండి" అన్న ఒక్క వాక్యం తెలుగులో నాకు ఎక్కడా కనబడలేదు.

అందుకే ఆ వాక్యం నేనే అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి, పొట్టకు రెండుపక్కలా, తొడలమీదా చోట్లు గుర్తుపెట్టి బొమ్మ గీశాను. మా వీధిలో ఇన్సులిన్ వేసుకునే ఆడవాళ్ళు నలుగురున్నారు. అట్ట పట్టుకుని నాలుగిళ్ళకూ వెళ్ళి, వాళ్ళ పొట్టలు నా చేత్తో నొక్కి చూశాను. ఇద్దరికి గడ్డలు తగిలాయి. అందులో ఒకావిడ పన్నెండేళ్ళుగా అక్కడే పొడుచుకుంటోంది.