పింఛనుతో పాటు పెరిగిన రుజువుల బరువు

2014 నవంబరు 8న తెలంగాణలోని అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో ఆసరా పింఛను పథకం మొదలైనప్పుడు అందరూ మాట్లాడుకున్నది పైసల గురించే. వృద్ధులకు రూ.200 నుంచి రూ.1000కి, వికలాంగులకు రూ.500 నుంచి రూ.1500కి పింఛను పెరగడం చిన్న సంగతి కాదు. ఆ పెంపు చాటున, పాత జాబితాలో ఉన్నవాళ్లంతా అర్హతను మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోవలసి వచ్చిందన్న విషయానికి మాత్రం దక్కవలసినంత చర్చ దక్కలేదు.

ఇంటికి ఒక్కరికే వృద్ధాప్య పింఛను అన్న నిబంధననే తీసుకుందాం. అంతకుముందు దంపతులిద్దరూ తీసుకుంటున్న ఇళ్లలో రూ.400 పోయి రూ.1000 వచ్చింది కనుక లెక్క ప్రకారం లాభమే. కానీ పేరు పోయింది భార్యదైతే, ఎవరినీ అడగకుండా తాను ఖర్చు పెట్టుకోగలిగిన రూ.200 కూడా ఆమె చేతికి రాకుండా పోయాయి. ఇంటిని లబ్ధిదారుగా చూసే విధానానికి ఆ ఇంట్లో ఎవరి చేతికి ఏమి అందుతుందో కనబడదు.

వేలిముద్రల కథ మరొకటి. జీవితమంతా వరి నాట్లలోనో మట్టిపనిలోనో చేతులు అరిగిపోయిన ముసలివాళ్లను పోస్టాఫీసు మెషిన్ గుర్తుపట్టలేదంటే ఆ తప్పు వాళ్లది కాదు, కానీ రేపు మళ్లీ రమ్మంటే తిరగవలసింది వాళ్లే. ముద్ర పడనివారి తరఫున పంచాయతీ కార్యదర్శి తన వేలిముద్ర వేసే ఏర్పాటు కొంతకాలం నడిచింది. 2025లో ముఖ గుర్తింపు వచ్చింది. ఇది మేలైన మార్పే అని నా అభిప్రాయం, అయితే ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందన్నదే ప్రశ్న.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల ఫ్లోరోసిస్ బాధితులకు ఈ రుజువుల భారం ఇంకా ఎక్కువ. వంగిన నడుము, ముడుచుకుపోయిన కాళ్లు ఊరందరికీ కనిపిస్తూనే ఉన్నా, పింఛనుకు కావలసింది కనీసం 40 శాతం వైకల్యం ఉందని చెప్పే ప్రభుత్వ ధ్రువపత్రం. దానికోసం స్లాటు దొరకాలి, మండలం నుంచి జిల్లా ఆసుపత్రి శిబిరానికి వెళ్లాలి, నడవలేని మనిషికి తోడుగా వెళ్లినవాళ్లు ఆనాటి కూలి వదులుకోవాలి. తాత్కాలిక ధ్రువపత్రమైతే గడువు తీరాక ఇదంతా మళ్లీ చేయాలి. ఫ్లోరైడు నీళ్లకు వంగిన ఎముకలు తిరిగి నిటారు కావని వైద్యులకూ తెలుసు, అధికారులకూ తెలుసు. అలాంటప్పుడు గడువు పెట్టడంలో అర్థం ఏమిటో నాకు బోధపడదు.

2025 జనవరి 26న నారాయణపేట జిల్లా కోస్గి మండలం చంద్రవంచలో ముఖ్యమంత్రి ప్రారంభించిన పథకాలలో ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఒకటి. రైతుబంధు కాలంలో భూమి లేనివారికి దక్కనిది ఇప్పుడు దక్కడం, ఏడాదికి రూ.12,000 వారి పేర వేస్తామనడం నిజంగా మెచ్చుకోదగినవే. కానీ 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉండాలన్న షరతు దగ్గర పాలమూరు అనుభవాన్ని ఎవరూ గుర్తు చేసుకున్నట్టు లేదు. ఊళ్లో పని గిట్టకనే కదా ఇక్కడివాళ్లు ముంబై, పుణె, హైదరాబాదు వలస పోయేది! ఊరు విడిచిన కూలీకి ఊళ్లో మస్టరు (పని హాజరు) ఎలా ఉంటుంది? వలస పోవలసినంత పేదరికమే ఇక్కడ అనర్హతగా మారింది.

ఈ అనుభవాలు జనంలో ఎలాంటి జాగ్రత్తను పెంచాయో చూడాలంటే రెండు సందర్భాలు చాలు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు, లెక్కలో పేరు లేకుంటే అన్నీ పోతాయన్న భయంతో వలస కూలీలు ఎక్కడెక్కడి నుంచో ఊళ్లకు తరలివచ్చారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2023 డిసెంబరు 28 నుంచి జనవరి 6 దాకా ప్రభుత్వ పథకాలకు ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు, ఇప్పటికే పింఛను వస్తున్నవారు మళ్లీ ఇవ్వనక్కర్లేదని ప్రభుత్వం చెప్పింది. అయినా చాలామంది ముసలివాళ్లు ఆధార్ జిరాక్సు పట్టుకుని వరుసలో నిలబడనే నిలబడ్డారు.